మామ జీపుకు పోసిన మందు

పోయిన నెలలో మా అల్లుడు మార్కాపురంలో కారు సర్వీసింగుకు ఇస్తూ నన్నూ వెంట తీసుకుపోయాడు. షెడ్డులో ఫ్యాను కింద కుర్చీ వేసి, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. అంతలో కౌంటరు దగ్గరి మనిషి చిన్న సీసా ఒకటి తెచ్చి, దీన్ని ఆయిల్లో కలిపితే ఇంజన్ లోపలి మురికంతా కడుక్కుపోతుందనీ, మైలేజీ కూడా పెరుగుతుందనీ చెబుతుంటే, నా చేతిలో టీ తొణికి చీర మీద పడింది. అరవై దాటిన మనిషిని కదా, బీపీ ఏమైనా పెరిగిందేమోనని వాళ్ళు కంగారుపడ్డారు. నేను మాత్రం ఆ సీసా మన కారుకు వద్దని ఒక్కమాట అని ఊరుకున్నాను. ఎందుకు అత్తయ్యా అని అల్లుడు అడిగాడు గానీ, అక్కడ నిలబడి చెప్పే కథ కాదది. జీపుల్లో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని కొండలు దాటిన నా తోటివాళ్ళకైతే చెప్పగలను.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇల్లు గిద్దలూరులో, బడి నల్లమలకు అవతల గాజులపల్లె దగ్గర. రైలు ఉంది గానీ దాని వేళకూ బడి వేళకూ ఏనాడూ పొత్తు కుదరలేదు. అందుకని రోజూ మా మేనమామ జీపులోనే ఘాట్ దాటి పోయేదాన్ని. మామది ఎవరో వాడి వదిలేసిన పాత డీజిలు జీపు. ఆయిల్ ప్రెషరు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది, తలుపులకు గడియలు లేవు, వాన పడితే పైనుంచి కారేది. అయినా మామ దాన్ని నాటకాల్లో పద్యాలు పాడుకుంటూ, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడిపేవాడు. ముందు సీటులో ఆయన పక్క చోటు ఎంత రద్దీ ఉన్నా నాదే, టీచరమ్మ కూర్చోవాలని మామ ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు.

మా పెద్దన్న కూడా జీపు తోలేవాడు, ఆయనది మార్కాపురం దారి, బండి కాస్త కొత్తది. మామ కూతురే మా వదిన. అంటే మామ మాకు మేనమామే కాక అన్నకు పిల్లనిచ్చిన మామ కూడా. అన్నకు నాయన లేని లోటు తీర్చింది ఆయనే, స్టీరింగు పట్టడం నేర్పిందీ ఆయనే. ఆ ఇద్దరూ టీ కొట్టు దగ్గర పక్కపక్కన నిలబడితే మామా అల్లుళ్ళని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, స్నేహితులనుకునేవాళ్ళు.

ఒకరోజు చొక్కా టక్ చేసుకున్న మనిషి ఒకడు మోటారుసైకిలు మీద గిద్దలూరు వచ్చి, స్టాండు ఎదుట ఒక పాత ఇంజన్‌ను చెక్కకు బిగించి నడిపి చూపించాడు. దాని ఆయిల్లో ఒక సీసా మందు పోశాడు, కాసేపు నడిపాడు, ఆ తర్వాత అడుగు బిరడా విప్పి ఆయిలంతా కార్చేశాడు. అయినా ఇంజన్ ఆగలేదు. జనం టీ తాగడం మరిచిపోయి చూశారట. నేను బడి నుంచి వచ్చేసరికి అన్న ఆ ముచ్చటే పదేపదే చెబుతున్నాడు. తన బండిలో పోసి చూసుకున్నాడు కూడా. నిజం చెప్పొద్దూ, అన్న జీపుకు పొగ తగ్గింది, డీజిలు కూడా కలిసొచ్చింది. అప్పటినుంచి ఆయన ఆ మందును ఊరంతా మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

మామ మాత్రం ఒప్పుకోలేదు. బాగా నడుస్తున్న దానికి మందెందుకని నవ్వి తీసిపారేసేవాడు. అన్న ఊరుకునే రకమా? ఒక ఆదివారం పొద్దున మామ ఇంటికే పోయి, బానెట్ ఎత్తి, సీసా మూత తిప్పాడు. మామ దగ్గరికి వచ్చి, "నీ మాట మీద పోయించుకుంటుండా, సీసా మీద రాసిన మాట మీద కాదు" అన్నాడు. అన్న మురిసిపోయాడు. నేను అరుగు మీద కూర్చుని ఉతికిన బట్టలు మడుస్తూ ఆ మాట విన్నాను.

తర్వాత కొన్నాళ్ళు జీపు చప్పుడు నిజంగానే మారింది. గరగరలాడే ఇంజన్ మెత్తబడింది. ఘాట్ ఎక్కుతూ మామ పద్యం ఆపి, "విన్నావా పాపా, పిల్లి నడిచినట్టుండాది" అనేవాడు. అల్లుడి తెలివికి ఆయన లోలోపల ఎంత గర్వపడ్డాడో ఆ గొంతులోనే తెలిసేది.

ఆ రోజు వెనక జనం కిక్కిరిసి ఉన్నారు. నంద్యాల ఆసుపత్రికి పోయే ముసలాయన, పెళ్ళి బట్టలకు పోయే ఒక కుటుంబం, ఉసిరికాయల బుట్టతో ఇద్దరు చెంచు ఆడవాళ్ళు. దిగువమెట్ట దాటి కొండ ఎక్కాం. పైకి చేరి దిగడం మొదలుపెట్టగానే ఇంజన్‌లో ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమని వినిపించింది. మామ నోట్లో పద్యం ఆగింది. ఆయన నా వైపు చూశాడు, ఆ చూపు నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. గేరులో ఉన్న బండి, వెనక చక్రాలు తిరగడం మానేసి రోడ్డును రాసుకుంటూ అడ్డంగా జారింది. నా కళ్ళ ముందు రోడ్డు పోయి ఆకాశం వచ్చింది, దాని కింద చెట్ల కొనలు. అరవాలని కూడా తోచలేదు.

మామ క్లచ్ తొక్కి చక్రాలను ఇంజన్ పట్టు నుంచి వదిలించి, బ్రేకు మీద నిలబడి, లోయ వైపు పోయే ముక్కును కొండ వైపు తిప్పాడు. ముందు చక్రం రాతి గట్టును గుద్దింది. ఆ దెబ్బకు స్టీరింగు విసురుగా తిరిగి మామ కుడి మణికట్టును విరిచేసింది. ఆ ఎముక చప్పుడు నాకు వినిపించింది. నా నుదురు ముందున్న ఇనుప రేకుకు తగిలి రక్తం కారింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మమ్మల్ని బతికించింది ఆ గట్టు.

జనాన్ని అందరినీ దింపింది ఆ చెంచు ఆడవాళ్ళే. చక్రాల కింద రాళ్ళు పెట్టించారు, బుట్ట కట్టిన వెదురు బద్దలు విప్పి మామ చేతికి ఆసరాగా పెట్టి, తమ కొంగు చింపి కట్టారు. ఎదురొచ్చిన ప్రతి లారీ ఆగింది. మామ మాత్రం రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, నొప్పి అనకుండా, అందరూ ఉండారా, అందరూ ఉండారా అని అడుగుతూనే ఉన్నాడు. అంతటి మనిషి అలా అడగడం చూసి నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

జీపును గిద్దలూరుకు లాక్కొచ్చి అడుగు భాగం విప్పినప్పుడు అన్న అక్కడే ఉన్నాడు. ఆయిల్‌ను పైకి లాగే జల్లెడ కనపడనేలేదు. దాన్ని నల్లటి ముద్ద ఒకటి తారులాగా కప్పేసింది. ఎన్నో ఏళ్ళుగా లోపల అంటుకుని ఉన్న మురికిని మందు నిజంగానే కడిగింది. కడిగినదంతా పోయి ఆ జల్లెడకు అడ్డం పడి, ఇంజన్‌కు ఆయిల్ అందకుండా చేసింది. కొత్తబండికి మేలు చేసిన మందే పాతబండి గొంతు పిసికింది. అన్న ఆ ముద్దను వేలితో తీసి చూసుకుని, గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ఇంట్లో వదిన కేకలు వేయలేదు. "మా నాయన పేనం మీ చేతిలో పెడితే, మీరు దాన్ని సీసాలో పెట్టినారు బావా" అని ఆ ఒక్కమాట అని, బట్టలు సర్దుకుని పుట్టింటికి నడిచింది.

అన్న ఆ మందు అమ్మినవాణ్ణి వెతుక్కుంటూ నంద్యాల పోయాడు. కొట్టి వస్తాడని మాకు భయం. సాయంత్రానికి తిరిగొచ్చి ఆయన చెప్పింది వేరు. ఆ మనిషి లాడ్జి పెరట్లో తన మోటారుసైకిలు ముందు కూర్చుని ఉన్నాడట. దాని ఇంజన్ కూడా బిగుసుకుపోయింది. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలని తన బండిలో తనే సీసాలకు సీసాలు పోసుకున్నాడట. వాడు మోసగాడు కాదు, అందరికంటే ఎక్కువ నమ్మినవాడు. "కొడదామని చెయ్యెత్తినా గానీ, వాడి మొహంలో నా మొహమే కనపడింది" అన్నాడు అన్న. ఆ బండిని షెడ్డుదాకా తోసి వచ్చాడట.

ఆనాటినుంచి అన్న రోజూ సాయంత్రం మామ ఇంటికి పోయి గడప బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మని వదిన అనేది కాదు, పొమ్మనీ అనేది కాదు. మామ మంచం మీద నుంచి చూసేవాడు. నేను గాయానికి కట్టు కట్టుకుని ఆ ఇంట్లోనే ఉండి ఇద్దరినీ చూస్తూ కుమిలిపోయేదాన్ని.

మామ చెయ్యి అతికింది గానీ వంకరగా అతికింది. కట్టు విప్పిన రోజు సాయంత్రం ఆయనే లేచి గడప దాకా వచ్చాడు. "బండి తెచ్చినావా? నన్ను ఘాట్ ఎక్కించు" అన్నాడు. అన్న తలెత్తలేదు. "నా చేతిని మళ్ళా ఎట్ల నమ్ముతావు మామా?" అన్నాడు. "ఆ చేతికి స్టీరింగు ఇచ్చింది నేను గదరా. ఇంకెవురిని నమ్మేది?" అన్నాడు మామ.

వదినా నేనూ వెనక ఎక్కాం. ఆనాడు మా బండి గుద్దిన రాతి గట్టు మీద చక్రం గీసిన తెల్లటి గీత ఇంకా ఉంది. అక్కడికి రాగానే అన్న బండి వేగం బాగా తగ్గించేశాడు. మామ తన వంకర చెయ్యి తీసి అన్న తొడ మీద వేసి, పోనీ పోనీ అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుగుదారిలో ఆమె పుట్టింటి దగ్గర దిగలేదు, అన్నతోనే మా ఇంటికి వచ్చింది. మామ ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు. జీపును పాత ఇనుముకు ఇచ్చేశాడు. బతికినన్నాళ్ళూ అన్న పక్క సీటులో కూర్చుని మార్కాపురం దాకా పోయి వచ్చేవాడు. పద్యాలు మాత్రం మళ్ళీ పాడలేదు.

ఇప్పుడు ఆ ఘాట్ రోడ్డు వెడల్పయింది. కార్లు అద్దాలు మూసుకుని చప్పుడు లేకుండా దాటిపోతాయి. మంచిదే. సలహాలకు కూడా కొదవ లేదు, ఎక్కడినుంచో ఎవరో చెబుతారు, మనం వింటాం, కలిసొస్తే సరే, కలిసిరాకపోతే చెప్పిన మనిషి ఎవరో కూడా మనకు తెలియదు. మా రోజుల్లో మంచి చెప్పినా చెడు చెప్పినా మనవాళ్ళే చెప్పేవాళ్ళు. తప్పు జరిగితే వచ్చి గడప ముందు తల వంచుకుని నిలబడేవాళ్ళు. అలా నిలబడినవాణ్ణి ఎప్పుడో ఒకనాడు లేచి వచ్చి లోపలికి పిలిచే మనిషి కూడా ఆ ఇంట్లో ఉండేవాడు.