రెండు పేర్ల ఊరు

మా ఊరికి నా చిన్నప్పుడు రెండు పేర్లుండేవి. ఆదిలాబాద్ జిల్లా చివర, మహారాష్ట్ర హద్దు గుట్టల్లో ఉండేది. మేము పులివాగు అనేవాళ్లం, మరాఠీవాళ్లు వాఘ్‌నాలా అనేవాళ్లు. ఊరు మాదంటే మాదని రెండు ప్రభుత్వాలూ రోడ్డు మలుపులో చెరో బోర్డు పాతాయి.

ఒక ఎండాకాలం ఆ తగాదా ఊళ్లోకీ వచ్చింది. మా చిన్నాయన మరాఠీ బోర్డుకు తారు పూశాడు. మరునాడే పక్కింటి అక్క వాళ్లన్న తెలుగు బోర్డుకు పూశాడు. వాళ్లది మరాఠీ ఇల్లు. అక్క నాకు మరాఠీ అక్షరాలు నేర్పేది, నేను అక్కకు తెలుగువి నేర్పేదాన్ని. తారు గొడవతో రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి.

నాలుగు రోజులకు, నెలలు నిండిన మా అవ్వకు, అంటే అమ్మకు, నొప్పులొచ్చాయి. మధ్యాహ్నమైనా కాన్పు కాలేదు. బాపు బస్సు డ్రైవరుతో దవాఖానకు కబురంపాడు. నర్సమ్మ జీపులో బయలుదేరిందని జవాబొచ్చింది గానీ జీపు జాడలేదు. అవ్వ అరుపులు విని పక్కింటి అక్క దడి దాటి వచ్చింది. సంగతి చెప్పాను.

"నర్సమ్మ కొత్తామె. బోర్డుల మీద పేరే లేకపాయె, ఊరెట్ల ఎరుకైతది?" అంటూ సున్నం కలిపిన చిన్న మట్టి గురిగి చంకనపెట్టుకుని నన్ను మలుపు దాకా ఉరికించింది. జీపు చక్రాల గుర్తులు నేరుగా ముందుకు పోయాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. తిరిగి ఇటే రావాలె. ఆమెకు ఏ పేరు చెప్పిన్రో ఏమో, రెండూ రాద్దాం. నువ్వు మా పేరు రాయి, నేను మీ పేరు రాస్త."

ఎండిన తారు మీద వేళ్లతోనే రాశాం. నా మరాఠీ ఎంత వంకరో, అక్క తెలుగూ అంతే. చేతులు కడుక్కోకముందే దుమ్ము లేచింది. జీపు డ్రైవరు తల బయటపెట్టి, "గిదేనా పులివాగు? ముందటూరు దాకా పోయొస్తున్నం!" అన్నాడు. ఇదే, ఇదే అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

పొద్దు గూకకముందే తమ్ముడు పుట్టాడు. బాపు గడపలో కూలబడి మొహం కప్పుకుని ఏడ్చాడు. చిన్నాయన దడి దగ్గరికి పోయి అక్క వాళ్లన్నను పిలిచి, "తల్లీపిల్లా మంచిగున్నరు" అన్నాడు. ఆయన బెల్లం ముక్క పట్టుకొచ్చాడు. మళ్లీ ఎవరూ తారు డబ్బా ముట్టలేదు.

ఊరు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం టీచరునయ్యాను. బడిలో కొత్త పిల్ల చేరితే, "మీ ఇంట్ల మీ ఊరిని ఏమంటరు బిడ్డా?" అని అడిగి, ఆ పిల్ల ఎట్లా పలికితే నేనూ అట్లాగే పలికేదాన్ని.