రీలు డబ్బాకి విమానం, నాన్నకి రైలు

మా చిన్నప్పుడు... జూబ్లీ హిల్స్‌లో సినిమా తీస్తే ఫిల్ము కడిగేది మద్రాసులో. ఫిల్మ్‌నగర్‌లో మా అద్దింటి ముందు నుంచే ఆ రీలు డబ్బాలు అంబాసిడర్ కారెక్కి బేగంపేట వెళ్ళేవి. అక్కడ విమానమెక్కితే గంట, గంటంబావులో మద్రాసు. ఆ డబ్బాల్లో ఫిల్ము సర్దిన అసిస్టెంట్ కెమెరామెన్ మా నాన్న. ఆయనకి మాత్రం అదే మద్రాసు రైల్లో రాత్రంతా దూరం...

ఎనభైల చివర్లో ఒక పొద్దున ప్రొడక్షన్ ఆఫీసుకి ఫోనొచ్చింది. మద్రాసులో బాబాయి దగ్గరున్న నాయనమ్మకి బాగా లేదు, మాటయితే ఉంది గానీ రేపటిదాకా చెప్పలేమని. రైలు సాయంత్రం. అమ్మ మరచెంబులో నీళ్ళు పోసి, పులిహోర కట్టింది.

నాన్న వెంట నేనూ ఆఫీసుకెళ్ళాను.

"మధ్యాహ్నం డబ్బాలతో పాటు నన్నూ పంపండి సార్," అన్నాడు మేనేజరుతో.

"అసిస్టెంట్లకి రైలేనయ్యా. నీకిస్తే రేపు లైట్‌మెన్లు ఊరుకుంటారా?"

ఊరుకోకూడదు. ఎందుకూరుకోవాలి? అది ఇప్పుడు నేనంటున్న మాట... అప్పుడు నాన్న తలొంచుకున్నాడు.

అప్పట్లో తీస్తున్న సినిమాలో హీరో తండ్రి వేషం వేస్తున్న పెద్దాయన పక్కనే కాఫీ తాగుతున్నాడు. ఆ మధ్యాహ్నమే ఆయన మద్రాసు వెళ్ళాలి.

"నా టిక్కెట్టు మీద వెళ్ళవయ్యా. నేను ఒకరోజు ఆలస్యమైతే మా ఆవిడ బెంగెట్టుకోదులే, పండగ చేసుకుంటుంది."

అప్పట్లో గుర్తింపు కార్డులూ గట్రా ఎవరూ అడిగేవారు కాదు. మరచెంబు పట్టుకుని నాన్న విమానమెక్కాడు.

దేవుడిలాంటి మనిషి అంటారు మీరు. నేనూ అంటాను. కానీ దేవుడిలాంటి మనిషి ఎదురుపడితేనే కన్నతల్లిని చూడగలిగే పద్ధతిని ఏమనాలి? 'ఆ రోజులే వేరు' అని పొంగిపోయేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పండి.

దీపాలు పెట్టే వేళకి నాన్న నాయనమ్మ మంచం దగ్గరున్నాడు. అక్కడ జరిగింది, తిరిగొచ్చాక అమ్మకి చెప్తుంటే విన్నాను.

"పొద్దున ఫోను చేయిస్తే అప్పుడే వచ్చేశావా?" అందట నాయనమ్మ. "అయితే ఈ ఊళ్ళోనే ఉన్నావన్నమాట. వచ్చి ఎన్నాళ్ళయిందిరా?"

"ఇప్పుడేనమ్మా. విమానంలో వచ్చాను."

"నీకు విమానం ఎవరిస్తార్రా?"

బాబాయి కూడా చెప్పి చూశాడు. నమ్మలేదు. కాసేపటికి నాన్న చెయ్యి పట్టుకుని, "పోనీలే... పనుల్లో పడి తీరుబడి దొరికుండదు," అందట.

చేయని తప్పుకి కొడుకుని క్షమించి, తెల్లారేలోగా వెళ్ళిపోయింది.

కొడుకు విమానమెక్కాడంటే నమ్మలేకపోయింది ఆవిడ. ఊళ్ళోనే ఉండి తన గుమ్మం తొక్కలేదంటే నమ్మగలిగింది. ఆ తప్పు ఆవిడది కాదు. మనలాంటివాళ్ళకి ఏది దక్కదో జీవితమంతా ఆవిడకి నేర్పినవాళ్ళది...

ఇప్పుడు మా వీధి పిల్లలు పొద్దున మద్రాసు వెళ్ళి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేస్తున్నారు. ఎవరికీ వింత కాదు. సంతోషమే నాకు. కానీ ఆ వింత కాకపోవడమేదో నాయనమ్మ బతికుండగా వచ్చుంటే... నాన్న తన తల్లి ముందు అబద్ధాలకోరుగా మిగిలేవాడు కాదు.

మీ ఇంట్లో మొదటిసారి విమానమెక్కింది ఎవరు? ఇంట్లోవాళ్ళు నమ్మారా...?