అనుమానం బాబాయి చూసిన పగులు

సరస్సు ఒడ్డున సీప్లేన్ షెడ్డులో ఇరవై రెండేళ్లుగా మెకానిక్‌గా పనిచేస్తున్న ఆయన్ని అందరూ అనుమానం బాబాయి అనేవారు. కుర్చీని ఒకసారి ఊపి చూడందే కూర్చునే మనిషి కాదు. అత్తవారింటికి మొదటిసారి వెళ్లినప్పుడు పలకరింపులు పూర్తికాకముందే తలుపు బందులు బిగించాడని భార్య ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ వేసవిలో ఆయన కంట ఒక పగులు పడింది. విమానం నీళ్ల మీద తేలడానికి కింద రెండు ఫ్లోట్లుంటాయి. వాటిని పట్టి ఉంచే ఇనుప కాళ్లలో ఒకదాని మీద, అతుకు పక్కనే, వెంట్రుకంత గీత. గోటితో గీకితే గోరు పట్టింది. వెంటనే రిజిస్టర్లో రాశాడు.

మేనేజర్ వంగి చూసి, "పెయింట్ లేచిందండీ, అంతే," అన్నాడు. మర్నాడే ఆ కాలికి కొత్త రంగు వేయించాడు.

బాబాయి మళ్లీ రాశాడు. మూడోసారి ఏకంగా పై ఆఫీసుకే ఉత్తరం పెట్టాడు. దాంతో మేనేజర్‌కు ఆయన ఆరోగ్యం మీద బెంగ పట్టుకుంది.

"మీరు బాగా అలిసిపోయారు. కొన్నాళ్లు రెస్క్యూ పడవ చూసుకోండి. చల్లగాలి తగులుతుంది."

ఏళ్ల తరబడి కదలని ఆ పడవలో కొంగలు కాపురం పెట్టాయి.

"నోరు మూసుకుని ఉంటే పోయేదిగా," అంది భార్య.

"మూసుకునే ఉన్నానే. రాశానంతే."

మనసు చివుక్కుమన్నా చేతులు ఊరుకోవు కదా. కొంగల్ని సాగనంపి, ఇంజను విప్పి కడిగి బిగించాడు, తాళ్లు మార్చాడు.

ఉత్తరం సంగతి తేల్చడానికి పై ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. విమానం ఎంత భద్రంగా ఉందో చూపిస్తానని మేనేజర్ వాళ్లను ఎక్కించి తానూ ఎక్కాడు. సరస్సు చుట్టూ తిరిగి దిగేటప్పుడు, ఫ్లోట్లు నీటిని తాకి ఒక్కసారి ఎగిరి మళ్లీ తాకాయి. రంగు వేసిన కాలు పుటుక్కున విరిగింది. రెక్క నీళ్లలో గుచ్చుకుని విమానం బోర్లా పడింది.

బాబాయి తాడు లాగగానే పడవ ఇంజను మొదటిసారికే అందుకుంది. ఆయన వెళ్లేసరికి పైలట్ విరిగిన చేత్తోనే అధికారులిద్దర్నీ బయటికి లాగేశాడు. మేనేజర్ ఫ్లోట్‌ను కావలించుకుని ఉన్నాడు.

"పగులేనంటారా?" అన్నాడు దాన్ని వదలకుండానే.

"ముందు ఎక్కండి సార్."

విచారణ జరిగింది. పగులు నిజమేనని తేలింది. ముందుచూపుతో అనుభవజ్ఞుణ్ణి రెస్క్యూ పడవకు వేసినందుకు మేనేజర్‌కు ప్రశంసాపత్రం, ఆపైన ప్రమోషన్ వచ్చాయి. పగులు గురించి నిర్ణీత ఫారంలో తెలియజేయనందుకు బాబాయికి సంజాయిషీ నోటీసు వచ్చింది. బాబాయి దాన్ని రెండుసార్లు చదివి, సంజాయిషీని నిర్ణీత ఫారంలోనే రాసి పంపాడు.

కొత్త విమానం వచ్చాక, బాబాయి సంతకం లేనిదే ఎక్కనని పైలట్ భీష్మించుకున్నాడు. చేసేదిలేక ఆయన్ని మళ్లీ షెడ్డుకు పిలిచారు.

"సంతకం ఎప్పుడు పెడతారు బాబాయిగారూ?" అని పైలట్ రోజూ అడిగేవాడు.

"చూస్తున్నానుగా," అనేవాడాయన, విమానం కిందినుంచి.

నాలుగో రోజు పెట్టాడు.