మా క్లాసక్క చెప్పనివ్వని మాట

పోయిన మంగళవారం పొద్దున మా క్లాసక్క పోయింది. బొమ్మనహళ్ళి బస్‌స్టాపులో నిలబడినది నిలబడినట్టే కూలిపోయిందట. ఫ్యాక్టరీలో మిషన్ మీద ఉన్న నన్ను సూపర్‌వైజర్ పిలిచి ఫోన్ ఇచ్చాడు. విని, వెనక్కి వచ్చి, సగం కుట్టిన కాలరు పూర్తి చేశాను. ఆ తర్వాతే సెలవు అడిగాను.

ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. ఇరవై ఏళ్ళు గార్మెంట్స్‌లో టైలరు. పక్క మిషన్ మీది అమ్మాయి ఒకతె నెలలు నిండకుండానే బిడ్డను పోగొట్టుకున్నప్పటి నుంచి, నర్సమ్మల వెంటపడి నేర్చుకుని, ఆదివారాలు తన మిద్దె మీద వీధిలోని గర్భిణులను కూర్చోబెట్టి క్లాసు చెప్పేది. మేమంతా కదిరి, మదనపల్లె వైపుల నుంచి పనికి వచ్చినవాళ్ళం. ఏ నెలలో ఏ పరీక్ష చేయించాలో, గర్భిణులకు ఇక్కడి సర్కారు ఇచ్చే తాయి కార్డులో కన్నడంలో ఏం రాశారో చెప్పే పెద్దదిక్కు దగ్గర లేనివాళ్ళం.

ఆమె మాట మెత్తన కాదు. బాగున్నావా అని అడగదు. ముందు కింది కనురెప్ప లాగి చూస్తుంది. "రక్తం లేదు. మాత్రలు మింగుతాండావా, పారేస్తాండావా?" అని అందరి ముందే నిలదీస్తుంది. ఒంటేలుకు మిషన్ మీంచి లేవాల్సి వస్తుందని మేము నీళ్ళు తాగేవాళ్ళం కాదని ఆమెకు తెలుసు. "నువ్వు సూపర్‌వైజర్‌కు భయపడితే, కడుపులోది ఎవురికి చెప్పుకుంటాదే?" అనేది. బిడ్డ పుట్టాక మాత్రం చూడ్డానికి రాదు. పేరు పెట్టేనాడు పిలిచినా రాదు. "నా పని అయిపాయ," అనేది, అంతే.

ఆరేళ్ళ కిందట, ఏడో నెలలో నాకు బి.పి. విపరీతంగా పెరిగింది. ఆమే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయింది. నేను బతకాలంటే వెంటనే కాన్పు చేయాలన్నారు డాక్టర్లు. మగబిడ్డ. రెండు రోజులు ఉన్నాడు. ఊరి నుంచి మా అత్త ఫోన్లో, "నెలలు నిండకనే ఎవురు తీసకపొమ్మన్యారు?" అంది. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. ఇంటికొచ్చిన వారానికే నడివీధిలో ఆమెను ఆపి, "నా బిడ్డను నువ్వే చంపినావు" అని అరిచాను. ఆమె అంతా వినింది. నేను ఊరుకోలేదు, ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఆదివారాలు ఆ మిద్దె దాదాపు ఖాళీ అయింది.

మా పక్క గదిలో పంతొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. ఎనిమిదో నెల. నా మాట విని తనూ క్లాసు మానేసింది. ఒక మధ్యాహ్నం తలనొప్పి, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి అని నాతో చెప్పి పడుకుంది. భర్త సెంట్రింగ్ పనికి వెళ్ళాడు. మూడు వారాలుగా కనబడలేదని క్లాసక్క ఆ పిల్లను వెతుక్కుంటూ వచ్చింది. గడప మీద నేను కూర్చుని ఉన్నాను.

"పిల్ల యాడుండాది?"

"నిద్రపోతాండాది."

"లేపు. ఒక్కసారి చూసి పోతా."

"నా బిడ్డను చూసినావు గదా, చాలు. పో."

"తలనొప్పి గాని, కండ్లు మసకలు గాని ఉండాయా?"

"ఏం లేదు," అన్నాను.

ఆమె వెళ్ళిపోయింది. రెండు గంటలు తిరక్కుండానే ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో ఆడబిడ్డను బతికించగలిగారు. తల్లి దక్కలేదు.

నాలుగో రోజు వెళ్ళి క్లాసక్క కాళ్ళ మీద పడ్డాను. ఓదార్చలేదు. లేవమని కూడా అనలేదు.

"ఆదివారం రా. తలుపు కాడ నువ్వేం చేసినావో వచ్చినోళ్ళకు చెప్పు. పేర్లొద్దు."

"ఆ పిల్ల మొగునికి గూడా చెప్పేస్తానక్కా."

"చెప్తే నువ్వు తేలికైపోతావు. వాడేమైపోవాల? బిడ్డను సాకాల్సినోడు. చెప్పొద్దు."

ఆరేళ్ళు ఆదివారం ఆదివారం చెప్పాను. మధ్యలో ఆగితే, "ఊ, చెప్పు" అనేది. కొందరు అసహ్యంగా చూసేవారు. ఆమె అడ్డుపడలేదు. నా మాట విని, తలనొప్పి వచ్చిన రోజే ఆస్పత్రికి పరుగెత్తి బతికినవాళ్ళు మా వీధిలో ఉన్నారు. నన్ను క్షమించినావా అక్కా అని ఒకసారి అడిగాను. "నేనెవురమ్మే? అడగాల్సింది ఆ పిల్లను. అది లేదు," అంది. ఆనాడు కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో నాతో అబద్ధమాడనిది ఆమె ఒక్కతే అని ఇప్పుడు అనిపిస్తోంది.

శవాన్ని ఎత్తే వేళకు, అప్పట్లోనే మా వీధి వదిలి వెళ్ళిన ఆ పిల్ల భర్త యలహంక నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతనికి చదవడం రాదు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

"ఆ పొద్దు ఈ అక్క ఒక్కసారి వచ్చి చూసింటే నా పెండ్లాం బతికుండు," అన్నాడు నాతో. "ఏంటికి రాలేదక్కా అని మొగం మీదే అడిగినా. ‘అవునప్పా, రాల్యా. తప్పు నాదే’ అనింది. ఇన్నేండ్లూ మాట్లాడల్యా ఆయమ్మతో. పోయినోళ్ళ మీద కోపమేంటికని వచ్చినా."

నా నోరు తెరుచుకుంది. పాడె మీదున్నా ఆమె చెప్పనివ్వలేదు.

"పాపను పట్టుకోక్కా," అని అతను కూతుర్ని నాకు అప్పగించి, పాడె కింద భుజం పెట్టాడు. జనం అడ్డమై పాపకు ఏమీ కనపడలేదు. "ఎత్తుకో అత్తా," అంది. ఎత్తుకున్నాను. అది నా మెడ చుట్టూ చేతులు వేసి, సందు మలుపు తిరిగేదాకా వాళ్ళ నాన్న వైపు చూస్తూ ఉండిపోయింది.