మూడో ప్రూఫు

ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ఒక్క చుక్క తప్పినా వదలకుండా ప్రూఫులు దిద్దిన ఆయన్ని అందరూ చుక్కల మాస్టారనేవారు. ప్రెస్సు మూతపడ్డాక పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. చివరికి మందు సీసా మీద రాతలు కూడా దిద్దుతుంటే భార్యకు ఒళ్ళు మండింది.

"బయటికెళ్ళి ఎవరి తప్పులైనా దిద్దుకోండి. నా తప్పులు నేను చూసుకుంటాను," అంది.

అలా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాడు. మూడు నెలలు చూసి ఉంచుకుంటారో లేదో చెప్తామన్నారు. లైబ్రరీలో పుస్తకాలు వెనక్కి తీసుకునే యంత్రానికి వాళ్ళు నమూనా ప్రోగ్రాం ఒకటి కడుతున్నారు. తెర మీద కనపడే మాటలు ప్రోగ్రాంలో ఉండవు. భాషకో ఫోల్డరు, అందులో మాటల ఫైలు. మన భాష ఫోల్డరు మాస్టారిది. అరవై రెండు వాక్యాలు.

వాక్యం వాక్యానికీ తెర మీద స్కేలు ఆనించి చదివేవాడు. దిద్దిన ప్రతిసారీ, మొదటి తెర మూలన కనపడేలా, ఆ ఫైల్లోనే ప్రూఫు నంబరు వేసేవాడు. అది ప్రెస్సు అలవాటు. తర్వాత బిల్డ్ నొక్కి, రన్ చేసి, మళ్ళీ మొదటి నుంచీ చదివేవాడు.

"గురువుగారూ, తెర మీద గీతలు పడతాయండీ," అనేవాడు పక్క సీటు ఇంజినీరు.

"గీత పడితే తెర పోతుంది. తప్పు పడితే పరువు పోతుంది."

మూడు నెలల గడువు తీరే రోజే లైబ్రరీవాళ్ళకి నమూనా చూపించాలి.

"వాళ్ళకి నచ్చితే మీరుంటారు మాస్టారూ. నచ్చకపోతే నన్నేమీ అనకండి," అంది యజమానురాలు. మొహమాటం లేని మనిషి.

యంత్రంలో పోయినవారం పెట్టింది రెండో ప్రూఫు. ఆయన పొద్దున్నే మూడోది బిల్డ్ చేసి, ప్రోగ్రాంని పెన్‌డ్రైవులో వేసుకుని, యజమానురాలితో, ఇంజినీరుతో లైబ్రరీకి వెళ్ళి, యంత్రంలోకి ఎక్కించాడు.

లైబ్రేరియన్ ఒక పుస్తకం లోపలికి తోసింది. తెర మీద మాటలొచ్చాయి: "ధన్యవాదాలు. మీ పుస్తకం తీసుకోండి."

"ఇచ్చింది మళ్ళీ తీసుకోమంటుందేంటమ్మా? దీనికి పుస్తకాలంటే పడదా?" అంది లైబ్రేరియన్.

యజమానురాలి ముఖం మాడిపోయింది. "మాస్టారూ, అది దిద్దమని సోమవారమే చెప్పాగా!"

"దిద్దానమ్మా."

"ఏదీ మరి?"

ఆయన వెనక్కి నొక్కి మొదటి తెరకి వెళ్ళాడు. మూలన 2 ఉంది.

"ఇది రెండో ప్రూఫు. నేను దిద్దింది మూడోది."

"ఫోల్డరు తెచ్చారా?" అడిగాడు ఇంజినీరు.

"ఫోల్డరెందుకు? అది ప్రూఫేగా. ప్రెస్సులో మిషను మీదికి అచ్చు ప్లేటొక్కటే ఎక్కుతుంది, ప్రూఫు బల్ల మీదే ఉంటుంది."

ఇంజినీరు నెత్తి కొట్టుకున్నాడు. "ఇక్కడ రెండూ ఎక్కాలి గురువుగారూ! కొత్త ప్రోగ్రాం పాత ఫోల్డరునే చదువుతోంది."

మాస్టారు వాదించలేదు. "తప్పు నాదే," అని ఆఫీసుకి పరిగెత్తాడు. రెండు వీధులే. ఆ వయసులో రెండు వీధులంటే తక్కువేం కాదు. ఆయన తిరిగొచ్చేసరికి లైబ్రేరియన్ రెండో కాఫీ తాగుతోంది.

ఫోల్డరు ఎక్కించి రన్ చేశాడు. మూలన 3 వచ్చింది. ఆమె మళ్ళీ పుస్తకం తోసింది: "మీ పుస్తకం అందింది. కార్డు తీసుకోండి." ఇంకో నాలుగు తోసి చూసి, ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టింది.

"ఆ మూడేంటి?"

"ప్రూఫు నంబరండీ. తీసేస్తాను."

"తీసేయండి. ఈసారి మాత్రం అన్నీ తెండి."

బయటికొచ్చాక యజమానురాలు నిలబడి చెప్పింది: "రేపటి నుంచి పెన్‌డ్రైవు మీరు ముట్టుకోవద్దు మాస్టారూ. అది ఇతను చూసుకుంటాడు."

"ఏమనుకోకండి గురువుగారూ," అన్నాడు ఇంజినీరు.

మాస్టారేమీ అనుకోలేదు. "రేపటి నుంచి" తర్వాత ఆయన చెవికేమీ ఎక్కలేదు.