పదును నాటి పదకొండు మంది

ఒక కాలేజీ ఫుట్‌బాల్ టీమును, బంతిని కాలితో తాకకుండానే, ఒక్క ఉత్తరంతోనూ ఒక్క చార్టు కాగితంతోనూ ముంచడం ఎలాగో ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే నా దగ్గరకు రండి. నేను ముంచాను. అదీ అనంతపురం జిల్లాలో, మునగడానికి చెంబెడు నీళ్ళు దొరకని చోట.

తొంభైల చివర్లో నేను రాయదుర్గంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాయన జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. నాకు ఆట రాదు. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని సామెత. మా కాలేజీలో ఆడలేనివాణ్ణి టీముకు సెక్రెటరీని చేశారు. నా చేతిరాత బాగుంటుందని తప్ప దానికి వేరే కారణం లేదు.

అంతకు ముందు ఏడాది మా టీము పోటీలకు ఎనిమిది మందితో వెళ్ళి, ఆడకుండానే ఓడి వచ్చింది. ఈసారి మైదానంలో పదకొండు మంది నిలబడకపోతే ఫుట్‌బాల్ ఎత్తేసి ఆ గోల్‌పోస్టులకు బట్టలారేసుకోండని ప్రిన్సిపాలు గారు సెలవిచ్చారు. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా, రామాంజికి మాత్రం అది చావుబతుకుల సమస్య. గుమ్మఘట్ట దగ్గర పల్లె రైతు కొడుకు. మూడో సంవత్సరం. గట్టి నేల మీద ఉత్త కాళ్ళతో బంతిని అరమైలు తోలుకుపోయేవాడు. అనంతపురం పోటీల్లో బాగా ఆడినవాళ్ళను యూనివర్సిటీ టీముకు తీసుకుంటారు, ఆ సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగానికి పనికొస్తుంది. అతనికి అదే ఆఖరి అవకాశం.

అందుకని నేను ఒక చార్టు రాశాను. అబ్బో, ఆ చార్టు! పాత జాబితాలోని పదకొండు మందిలో తొమ్మిది మంది తిరిగి వస్తున్నారు. వారిలో అయిదుగురు హాజరు చాలక అదే క్లాసులో మళ్ళీ కూర్చున్నవాళ్ళు. హాజరెందుకు చాలలేదంటే ఆటకు పోయినందుకు. ఎరుపు సిరాతో మొదటి వరస, నీలం సిరాతో ప్రతి ఒక్కరికీ వెనక ఒక రిజర్వు, మొత్తం ఇరవై రెండు మంది. అడుగున అందంగా గీత గీసి, నా పేరు, దాని కింద 'సెక్రెటరీ' అని రాశాను. ఆట లేదు బూట్లు లేవు, టీముకు మాత్రం రెండో వరస.

ఆటలు నేర్పడానికి కొత్తగా వచ్చిన పీడీ సారు ఆ చార్టు చూసి కళ్ళు తుడుచుకున్నంత పని చేశారు. ఆయన కోస్తావారు.

"పోటీలు జూలైలో పెట్టమంటారా, సెప్టెంబరులో పెట్టమంటారా అని కమిటీ వాళ్ళు అడుగుతున్నారయ్యా. జూలైలో మనవాళ్ళకేమన్నా పనుంటుందా?"

"ఏం పని సార్? పరీక్షలు గూడా లేవు" అన్నాను. టవును పిల్లవాణ్ణి. నాకు తెలిసిన పంటల్లా జేబులూ జిప్పులూ.

'మేము సిద్ధం, జూలైలోనే పెట్టండి' అని మావాళ్ళందరి తరఫునా ఉత్తరం రాసి పడేశాను. మిగతా కాలేజీలేవీ జవాబు రాయలేదు. జవాబు వచ్చింది మా ఒక్కరి దగ్గర నుంచే కాబట్టి కమిటీ మా మాటే ఖాయం చేసింది. ఆ ఘనత మొత్తం నాదే, ఇంకెవరికీ వాటా లేదు.

రామాంజికి సంగతి తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమప్పా సెక్రెటరీ, జూలైలో పెట్టించినావంట. పదును పడితే ఎట్ల?"

పదునంటే మా మెట్ట నేలల్లో చిన్న మాట కాదు. వాన పడ్డాక విత్తనం వేయడానికి నేలలో సరిపడా తడి ఉండేది రెండు మూడు రోజులు. ఆ రెండు మూడు రోజుల్లో వేరుశనగ వేస్తే వేసినట్టు, లేకపోతే ఆ ఏడాదికి చేతులెత్తేసినట్టు. పెళ్ళి పీటల మీద ఉన్నవాడు కూడా ఒక కన్ను మబ్బు మీద పెట్టే కాలం అది.

"మూడేండ్లాయ కదన్నా మొగులు మొగం చూసి. ఈ యేడు నీ ఆట చూసేకి వస్తాదా?" అన్నాను తెలివిగా.

"వచ్చేదాన్ని రావద్దనేకి నువ్వెవురప్పా?" అని రామాంజి వెళ్ళిపోయాడు.

పోటీకి ముందు రోజు మధ్యాహ్నం వాన పడింది. కుండపోత. కరెంటు స్తంభాలు ఒరిగాయి, మార్కెట్టులో చెప్పులు తేలాయి. నేను కాలేజీ వసారాలో నిలబడి, "నేల మెత్తబడింది, మనవాళ్ళ మోకాళ్ళు దక్కినాయి" అని చప్పట్లు కొట్టాను. చదువరులారా, ఆ చప్పట్లు కొట్టినవాడు ఇప్పుడు కనిపిస్తే నేనే రెండు వాయిస్తాను.

పీడీ సారు ఆ రోజు పొద్దున్నే అనంతపురం వెళ్ళిపోయారు. టీమును మర్నాడు తొలి బస్సుకు తీసుకురావలసినవాణ్ణి నేను. చొక్కాల మూట భుజాన వేసుకుని బస్టాండులో నిలబడ్డాను. మొదటి వరస రాలేదు. ఫరవాలేదు, నాకు రెండో వరస ఉందనుకున్నాను. అదీ రాలేదు. అప్పుడు తట్టింది: మొదటి వరసంతా రైతుల కొడుకులు, రెండో వరసంతా ఆ రైతుల తమ్ముళ్ళ కొడుకులు. వాన రెండు వరసల మీదా ఒకేసారి పడింది.

గుమ్మఘట్ట నుంచి వచ్చిన బస్సు కండక్టరు తల బయట పెట్టి అరిచాడు.

"కాలేజీ సెక్రెటరీ నువ్వేనా? రామాంజి చెప్పమన్నాడు. ఇత్తనం అయిపోతానే వస్తాడంట. కమిటీకి ఫోన్ చేసి పదును పడిందని ఒక్క మాట చెప్పాలంట. అంతే, ఏం భయపడొద్దన్నాడు."

ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. నాలుగడుగులు వేస్తే సరిపోయేది. కానీ ప్రిన్సిపాలు గారి ముఖం, ఎనిమిది మంది కథ, నా ఎరుపు సిరా గుర్తొచ్చాయి. నేను ఎనిమిదో అడుగు వేసేసరికి మా నాయన యూనిట్టు ముందున్నాను.

స్తంభాలు పడి కరెంటు లేక యూనిట్టు మూత. అరుగు మీద టైలర్లంతా బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. అందరికీ పెద్ద ఖాసిం అన్న. నలభైకి దగ్గర, మీసం ఉంది, చిన్న పొట్ట కూడా ఉంది.

"అన్నా, అనంతపురం వస్తారా? పదకొండు మంది కావాల. ఆట."

"ఏం ఆటప్పా?"

"ఫుట్‌బాల్."

"చేత్తో ఆడేదా?"

"కాలితో అన్నా."

"కాలితో అయితే మాకు అలవాటే. దినమంతా మిషను తొక్కుతాండాం కదా" అన్నాడు ఖాసిం అన్న. "బిర్యానీ పెట్టిస్తావా?"

పెట్టిస్తానన్నాను. బస్సులో తలా ఒక పేరు, తలా ఒక ఊరు బట్టీ పట్టించాను. తొమ్మిదో నంబరు చొక్కా ఖాసిం అన్నకు పట్టింది, కాబట్టి ఆయన రామాంజి అయ్యాడు. చొక్కా తొడుక్కోగానే, "సంక కాడ పట్టేస్తాండాది, ఒక ఇంచి ఇప్పాల" అన్నాడు.

అనంతపురం మైదానంలో నిశ్శబ్దం. ఒక షామియానా, దాని కింద పీడీ సారు, పక్కన కమిటీ పెద్ద. ఆయన తెల్ల పంచె కట్టుకుని, ఆకాశం వైపు, చేతి గడియారం వైపు మార్చి మార్చి చూస్తున్న ముసలి లెక్చరరు. ఇంకో టీము జాడ లేదు.

పీడీ సారు నన్ను పక్కకు లాగారు. "వీళ్ళెవరయ్యా?"

"రిజర్వు సార్."

"రిజర్వులో మెడలో టేపు వేసుకున్నవాడెవరు?"

"రామాంజి సార్."

సారు షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డారు.

కమిటీ పెద్ద, చార్టులో లాగే అడుగున గీత గీసి నేను రాసిచ్చిన జాబితా తీసుకుని వరసగా అడగడం మొదలుపెట్టాడు.

"నీదే ఊరు?"

"విడపనకల్లు సార్."

"వాన పడిందా?"

"బ్రహ్మాండంగా పడింది సార్!"

"నీది?"

"గుమ్మఘట్ట. మా ఊర్లో ఇంగా ఎక్కువ పడింది సార్!"

ఏ జవాబు చెబితే మార్కులు పడతాయో మావాళ్ళు కనిపెట్టేశారు. పదకొండు మందీ పోటీలు పడి వాన కురిపించారు. ఒకడైతే చెరువు కట్ట కూడా తెంచాడు. నేను వెనక నిలబడి సంతోషంగా తల ఊపుతున్నాను.

ఆయన ఖాసిం అన్న ముందు ఆగాడు. "రామాంజి అంటే నువ్వేనా? సేద్యగాని కొడుకువేనా?"

"పుట్టినప్పటి నుంచీ అదే పని సార్."

"శెనక్కాయ ఇత్తనం ఎంత లోతు పడాల?"

ఖాసిం అన్న టేపు వైపు చూశాడు. "రెండించీలు. అంచు మడతకు ఇంగో అరించి వదిలిపెట్టాల సార్."

ఆయన నవ్వలేదు. జాబితా మడిచి చంకలో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏమప్పా సెక్రెటరీ. నిన్న సాయంత్రం నుంచి ప్రతి కాలేజీ నుంచీ ఫోన్లే. పదును పడింది, రాలేమని. ఒకరు గూడా రాలేదు. రానోళ్ళంతా నిజమైన ఆటగాళ్ళు. మీరు పదకొండుకు పదకొండు మందీ వచ్చినారు. పదును పడినాంక సేద్యగాని కొడుకు ఈడ బంతాటకు నిలబడినాడంటే, వాడు సేద్యగాని కొడుకు కాదు. దీనికి కార్డులు జూడల్నా, ఫొటోలు జూడల్నా?"

నా నోట్లో తడి ఆరిపోయింది. జిల్లాలో ఆ రోజు తడి లేని చోటు అదొక్కటే.

"మీరొక్కరు ఫోన్ చేయలేదని నేనీడ కూచున్నా. నా సేను కూడేరు కాడ ఉండాది. ఇత్తనం మూటలు గట్టు మీదే ఉండాయి, కూలోళ్ళు దొరకలేదు. మీ కోసం ఒక పూట పదును పోయ నాకి!" అంటూ జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. "ముందు ఈ రామాంజి పేరు కొట్టేస్తా. ఆయప్ప ఈ జన్మలో ఆడకూడదు."

అంతవరకూ జరిగిందంతా నాకు ఆటే. ఆ పెన్ను చూశాక, గుమ్మఘట్టలో నాగలి పట్టుకుని, నేను ఫోన్ చేసి ఉంటానని నమ్మి నిశ్చింతగా సాలు తోలుతున్న మనిషి కనిపించాడు.

"సార్, ఆయన పేరు కొట్టొద్దు సార్. ఫోన్ చేయమని ఆయన చెప్పి పంపించినాడు. నేనే చేయలేదు. జూలై అని రాసింది నేనే, వీళ్ళను తెచ్చింది నేనే. నా పేరు కొట్టండి సార్."

"నీ పేరు యాడుండాది?"

"అడుగున సార్. గీత కింద."

ఆయన నా పేరు మీద, సెక్రెటరీ మీద, అందమైన ఆ గీత మీద అడ్డంగా ఇంకో గీత గీశాడు.

"పోటీలు సెప్టెంబరులో. రామాంజిని రమ్మను, అరచేతులు చూసి ఆడనిస్తా. బయట నా ట్రాక్టరుండాది, ఇప్పుడు అందరూ ఎక్కండి."

"యాడికి సార్?" అన్నాడు ఖాసిం అన్న.

"పుట్టినప్పటి నుంచీ అదే పని అన్నావు కదప్పా. చూపించు."

ఆ మధ్యాహ్నం కూడేరులో పదకొండు మంది జెర్సీల్లో, పన్నెండోవాణ్ణి నేను, నాగలి వెనక సాల్లో గింజలు వేశాం. నేను వేసిన సాలు కోడి కెలికినట్టుంది. టైలర్లు వేసిన సాళ్ళలో మాత్రం గింజకూ గింజకూ మధ్య వెంట్రుకంత తేడా లేదు. ప్యాంటు మీద కుట్టు పడ్డట్టే పడ్డాయి. పీడీ సారు గట్టు మీద కూర్చుని, మా కాలువల కింద ఇంత రభస ఉండదయ్యా అని గొణుక్కున్నారు. కమిటీ పెద్ద సాలు వెంట రెండుసార్లు నడిచి, ఖాసిం అన్న భుజం తట్టి, బిర్యానీ కూడా ఆయనే పెట్టించాడు.

సెప్టెంబరులో రామాంజి వచ్చాడు. అరచేతులు చూపించాడు, ఆడాడు, యూనివర్సిటీ టీముకు ఎంపికయ్యాడు. మైదానంలో పదకొండు మంది నిలబడ్డారు కాబట్టి గోల్‌పోస్టులకు బట్టలారేసే ప్రమాదమూ తప్పింది. ఆట అయ్యాక నా దగ్గరకు వచ్చాడు.

"నా పేరుతో ఇత్తనం ఏసినారంట కదప్పా. మొలిచిందా?"

"బ్రహ్మాండంగా అన్నా."

"మా సేన్లో సగమే మొలిచింది. ఆ రామాంజిని మా ఊరికీ పంపించు" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ తొలి పదును పడిన మర్నాడు కూడేరు నుంచి మా నాయన యూనిట్టుకు ఫోన్ వచ్చేది: "నా టీమును పంపించప్పా." మా కాలేజీ టీముకు తొమ్మిది మంది తిరిగొస్తేనే నేను చార్టు రాశాను. ఆ టీముకు పదకొండుకు పదకొండు మందీ తిరిగి వెళ్ళేవాళ్ళు.

కనుక వేరుశనగ చేను సాక్షిగా, ఎర్ర పెన్ను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మబ్బు వైపు చూడకుండా రైతుబిడ్డ పేరు ఏ కాగితం మీదా రాయను, ఏ జాబితా అడుగునా నా పేరు పెట్టుకోను. కూడేరు జాబితా ఒక్కటి దీనికి మినహాయింపు. అందులో నా పేరు కమిటీ పెద్దే రాసుకున్నాడు, పన్నెండోది, పక్కన 'రిజర్వు, గింజలు వేయనివ్వొద్దు' అని.