విన్నిపెగ్‌లో నెలవంక ఒప్పందం

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి అన్నం వార్చుకోవడం రాకపోయినా ప్రపంచాన్ని బాగుచేయడం మాత్రం వచ్చేస్తుంది. చదువు కోసం విన్నిపెగ్ చేరి, భీమవరం ఆంటీ గారింటి బేస్‌మెంట్‌లో మరో ముగ్గురితో కలిసి అద్దెకు దిగాను. లాహోర్ భాయి ట్రక్కు లైసెన్సు కోసం తంటాలు పడుతున్న కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. కైరో డాక్టరు అక్కడ పేరున్న పిల్లల వైద్యుడు, ఇక్కడ మందుల షాపులో అట్టపెట్టెలు సర్దుతూ పరీక్షలు రాస్తున్నాడు. ఇస్తాంబుల్ ఇంజినీరు ఏ పని చేసేవాడో నాకు చివరిదాకా అర్థం కాలేదుగానీ, ఏం చేసినా కొలత టేపుతో చేసేవాడు. నలుగురం ముస్లిములమే. భీమవరం ఆంటీ (చర్చిలో పాటల బృందానికి పెద్ద) ఇల్లు ఇచ్చేటప్పుడు, "నలుగురిదీ ఒకే మతం కదా, గొడవలుండవని ఇస్తున్నానయ్యా" అన్నారు. ఆ మాట తల్చుకుని ఆవిడ తర్వాత చాలాసార్లు నవ్వుకున్నారు.

ఇక నా సంగతి. మాది ఒంగోలు దగ్గర పల్లె, మేం దూదేకులం. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, కలల్లోనూ తెలుగే. ఉర్దూ అంటే నాకు హిందీ సినిమాల్లో విన్న నాలుగు ముక్కలు. మొదటి రోజే లాహోర్ భాయి ఏదో గడగడా అడిగి, నేను బిక్కమొహం వేస్తే, "ఉర్దూ రాని ముసల్మానా? యార్, నిన్నెవరు చేర్చుకున్నారు మతంలో?" అన్నాడు. మా నాయన ఫోన్లో విని, "మన ఊళ్ళో సాయిబులూ ఇట్టాగే అన్నార్రా, వాళ్ళకన్నా ఈయన మర్యాదగానే అడిగాడు" అని ఓదార్చాడు.

రంజాన్ నెలంతా మా బేస్‌మెంట్‌లో ఇఫ్తారు అయ్యాక ఒకటే చర్చ: ముస్లిం దేశాలు ఎందుకు కలవవు? జులై నెల, పద్దెనిమిది గంటల ఉపవాసం, పొద్దు వాలేసరికి తొమ్మిదిన్నర దాటేది. అంతసేపు కడుపు మాడ్చుకున్న ముగ్గురు మేధావులు ఖర్జూరం నోట్లో పడగానే చరిత్రలోకి దూకేవాళ్ళు. మధ్యలో దొరలు గీతలు గీసి పోవడమే కారణమని లాహోర్ భాయి. దొరలు ఎప్పుడో పోయారు, గద్దె దిగని రాజులూ సైనికాధికారులే కారణమని కైరో డాక్టరు. "మా సామ్రాజ్యం ఉన్నన్నాళ్ళూ అందరూ ఒక్కటిగానే ఉన్నారు" అని ఇంజినీరు నిట్టూర్చితే, "అదే అసలు కారణం" అని డాక్టరు టేబులు చరిచేవాడు. అక్కడి నుంచి షియాలు, సున్నీలు, చమురు, ఎవరి యుద్ధంలో ఎవరు ఎవర్ని వదిలేశారన్న లెక్కలు. నేను ఉల్లిపాయలు తరుగుతూ వినేవాణ్ణి, కళ్ళనీళ్ళు దేనికో తెలిసేది కాదు. ఒకసారి ఆంటీ మెట్ల మీద నిలబడి అంతా విని, "మా ఊళ్ళో ఒకే వీధిలో నాలుగు చర్చిలబ్బాయ్. బాప్తిస్మానికి ముంచాలా, చల్లాలా అని మొదలైంది. తీరా విడిపోయింది మైకు ఎవరింట్లో ఉండాలన్న దగ్గర" అని చెప్పి పైకి వెళ్ళిపోయారు. మా మేధావులు ముగ్గురూ చెప్పిన కారణాలన్నిటికన్నా నాకు అదే సబబుగా తోచింది.

ఇదంతా కబుర్లుగానే ఉండిపోయేది, పక్కింటి కాబూల్ తాత లేకపోతే. ఆయన అక్కడ బడిపంతులు. యుద్ధంలో అందర్నీ పోగొట్టుకుని, మిగిలిన ఒక్క కూతురి దగ్గరికి వచ్చాడు. ఆవిడకు రెండు షిఫ్టుల ఉద్యోగం. తాతకు సంవత్సరంలో మనుషుల మధ్య గడిపే రోజు పండగ ఒక్కటే. అంతకుముందు సంవత్సరం విన్నిపెగ్‌లో పండగ రెండు రోజులు, మూడు చోట్ల జరిగింది. మక్కా ప్రకటన నమ్మేవాళ్ళు ఒక రోజు, లెక్క కట్టేవాళ్ళు అదే రోజు ఇంకోచోట, చంద్రుణ్ణి కంటితో చూస్తేగానీ నమ్మనివాళ్ళు మర్నాడు. ఎవరో చెప్పిన రోజున, ఎవరో చెప్పిన చోటికి, ఇస్త్రీ తలపాగా చుట్టుకుని తాత వెళితే తలుపుకి తాళం. నేను బస్సు దిగి వస్తుంటే ఆ తలుపు ముందే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఈద్ ఖతమ్?" అని అడిగాడు. నాకున్న ఉర్దూకి కూడా ఆ రెండు మాటలు అర్థమయ్యాయి. చాలా సిగ్గేసింది. తాళం వేసింది నేను కాకపోయినా సరే.

అందుకని ఈసారి ఇఫ్తారు దగ్గర కత్తి కింద పెట్టి ఉపన్యాసం ఇచ్చాను. దేశాల్ని తర్వాత కలుపుదాం, ముందు ఒక్క ఊళ్ళో ఒక్క పండగ చేద్దాం, తాత కోసం. ముగ్గురికీ తాతంటే ప్రాణం, ముగ్గురూ తమ తమ జమాతుల్లో, అంటే మసీదు కూటముల్లో, మాట చెల్లేవాళ్ళు. ఒప్పందం ఇది: ఇరవై తొమ్మిదో రోజు పొద్దుగూకేవేళ అందరం ఊరి బయట చేలల్లోకి వెళ్ళి కలిసి చూడాలి. కనపడితే అందరికీ రేపే పండగ, లేకపోతే అందరికీ ఎల్లుండే. మక్కా చెప్పేది తప్పు కాదు కాబట్టి కనపడుతుందని డాక్టరు, లెక్క ప్రకారం కనపడి తీరాలని ఇంజినీరు, కనపడితేనే కదా అని భాయి, ఎవరికి వాళ్ళు తామే గెలుస్తామనుకుని ఒప్పుకున్నారు. ఒప్పందాలన్నీ ఇలాగే కుదురుతాయనుకుంటాను. తీర్పరిగా మాత్రం నన్నే పెట్టారు. కారణం నా జ్ఞానం కాదు. నేను ఎవరి పక్షమూ కానని, అసలు పూర్తి ముస్లిమునో కాదో కూడా తేలలేదని! తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడు ముల్లా అని మామీద సామెత. ఊరి నిండా తురకలు ఉండి కూడా ముల్లా అయిన మొదటి దూదేకులవాణ్ణి నేనే.

హాలు ఆంటీ చూసిపెట్టారు, వాళ్ళ చర్చి కింద ఉన్నదే. "శనివారమైతే మీ ఇష్టం నాన్నా. ఆదివారం మాత్రం మాది, పాస్టరు గారు ఒప్పుకోరు." ఇరవై తొమ్మిదో రోజు శుక్రవారం పడింది. అంటే ఆ సాయంత్రం చంద్రుడు కనపడితే హాలుంది, లేకపోతే లేదు. ఎనిమిది వందలమందిని పిలిచి ఉన్నాం.

లాహోర్ భాయి పాత వ్యానులో బయల్దేరాం. తాతను ముందు సీట్లో కూర్చోబెట్టాం. పసుపు పూల కనోలా చేల మధ్య మట్టిరోడ్డు, కంటికి అడ్డుగా ఒక గుట్టయినా లేని నేల. దోమలు మాత్రం మక్కా అనక, లెక్క అనక అందర్నీ సమానంగా కుట్టాయి. సూర్యుడు దిగాడు, ఖర్జూరాలు తిన్నాం, పడమర వైపు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. అయిదు నిమిషాలు. పది. ఉన్నట్టుండి డాక్టరు కేకపెట్టాడు. ఎర్రటి ఆకాశంలో, సన్నగా, వంపుగా, వెండి తీగ! ఇంజినీరు ఫోను పైకెత్తి దిక్కు సరిచూసి, "కొంచెం ఎత్తులో ఉంది, ఫరవాలేదు" అన్నాడు. కొలత టేపు మనిషి 'ఫరవాలేదు' అనడం నేను వినడం అదే మొదలు. లాహోర్ భాయికి కళ్ళు చెమర్చాయి. "చాంద్ ముబారక్!" అంటూ డాక్టర్ని వాటేసుకున్నాడు. డాక్టరు ఇంజినీర్ని వాటేసుకుని, "మీ సామ్రాజ్యం సంగతి నేనన్నది మనసులో పెట్టుకోకు" అన్నాడు. నెల రోజుల చర్చలు చేయలేని పని ఒక తీగ చేసింది. నేను ఒళ్ళు పొంగిపోయి మళ్ళీ పైకి చూశాను.

తీగ పొడుగయింది. చంద్రుడు పదిహేను రోజుల్లో పెరుగుతాడని తెలుసుగానీ పదిహేను సెకన్లలో పెరగడం ఎక్కడా వినలేదు. దాని కొసన చిన్న చుక్క మెరుస్తూ పోతోంది. విమానం! మనవాళ్ళు కౌగిలించుకుంటున్నది దాని వెనకాల పొగని చూసి!

నిజం చెబుతున్నాను, నోరు మూసుకుందామనే అనుకున్నాను. రేపు శనివారం, హాలుంది, ముగ్గురూ కౌగిలించుకుని ఉన్నారు. ఒక్క పొగచారకి ఇన్ని దేశాలు కలుస్తుంటే మధ్యలో ఒంగోలువాడికి ఎందుకు? సరిగ్గా అప్పుడే తాత నా భుజం మీద చెయ్యి వేసి, "బేటా, తూనే దేఖా?" అన్నాడు. నువ్వు చూశావా అని. తన చూపు తగ్గిందేమో, నా కళ్ళతో నమ్ముదామనుకున్నాడు. ఆ మొహం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"అది విమానం పొగ" అన్నాను, ఇంగ్లీషులో, మెల్లిగా.

ముందు ముగ్గురూ కలిసి నా మీద పడ్డారు. తీగ ఇంకా సాగి రెండు ముక్కలయ్యేసరికి నన్ను వదిలేసి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. "నువ్వే ముందు అరిచావ్!" "నీ ఫోనే దిక్కు సరిపోయిందంది!" "కళ్ళతో చూడాలి, కళ్ళతో చూడాలి అని చంపావుగా, చూశావుగా నీ కళ్ళతో!" రెండు నిమిషాల్లో పొగ నుంచి చమురుకి, చమురు నుంచి సామ్రాజ్యానికి వెళ్ళిపోయారు. ఒప్పందం రద్దు, ఎవరి పండగ వాళ్ళదే అన్నాడు భాయి. నా పండగ, నా హాలు, నా తాత, అన్నీ ఆ కనోలా చేలో కలిసిపోయాయనిపించింది. ఏడుపొచ్చింది.

ఎవరో చొక్కా లాగారు. తాతే. ఈ గొడవలో ఆయన ఒక్కడే ఆకాశం వైపు చూడటం మానలేదు. చేతికర్ర ఎత్తి పొగచారకు బాగా కిందుగా, దాదాపు నేలకి దగ్గరగా చూపించాడు. చూశాను. ఈసారి పొడుగవలేదు, కదలలేదు. గోరు కత్తిరించి పడేసినంత చంద్రుడు, నిమిష నిమిషానికీ చేల అంచుకి దిగిపోతున్నాడు. ఇంకాసేపైతే లేడు. వీళ్ళేమో ఎవరి రాజు దొంగ అన్న దగ్గరున్నారు. "బ్రదర్స్" అన్నాను. "ప్లీజ్" అన్నాను. వినేవాడెవడు?

అప్పుడు నా కడుపులోంచి, మా ఊరి పొగాకు బ్యారన్లో మా నాయన కూలీలని అదిలించే గొంతు వచ్చింది. "ఒరేయ్! నోళ్ళు మూసుకుని అటు చూడండ్రా, మీ దుంపతెగ! చంద్రుడు పోతన్నాడు!"

ముగ్గురికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు. ముగ్గురూ కర్ర చివర చూశారు.

ఎవరూ ఫోను తీయలేదు, కొలవలేదు, మక్కా ఏమందో అడగలేదు. తాత దువా మొదలుపెడితే చేతులు ఎత్తారు. ఆమీన్ మాత్రం అందరికీ ఒకే భాషలో వచ్చింది. వెనక్కి వస్తుంటే భాయి అద్దంలోంచి నన్ను చూసి, "యార్, ఇందాక నువ్వు అరిచింది ఏ భాష?" అన్నాడు. తెలుగు అన్నాను. "మంచి భాష. దీన్ని ఐక్యరాజ్యసమితిలో పెట్టాలి" అన్నాడు.

మర్నాడు చర్చి కింద హాలు నిండి, మెట్ల మీద దుప్పట్లు పరిచారు. నమాజు ఎవరు చేయించాలన్న ప్రశ్న లేచేలోపే డాక్టరు వెళ్ళి తాత చెయ్యి పట్టుకుని ముందు నిలబెట్టాడు. ఇంజినీరు వరసలు టేపుతో సరిచేశాడు. ఆంటీ పెద్ద డేగిసాలో సేమ్యా పాయసం తెచ్చి, "చూశావా, మైకు ఒక్కటే పెట్టించాను" అని నా చెవిలో అన్నారు. ఇస్త్రీ తలపాగాతో తాత మా అందరి ముందూ నిలబడ్డాడు. ఆయన వెనక మూడు జమాతులు, ఎన్ని దేశాలో లెక్కే లేదు, ఒక్కసారిగా వంగాయి. మొదటి వరసలో నేనున్నాను. గర్వంతో వంగడం కష్టమని అప్పుడే తెలిసింది.

పదేళ్ళయింది. ఇప్పుడు గ్వెల్ఫ్ అనే మరో ఊళ్ళో కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని, కాస్త పొట్టా కాస్త బట్టతలా వచ్చాయి. విన్నిపెగ్‌లో ఆ మరుసటి సంవత్సరమే మళ్ళీ రెండు రోజులయిందని విన్నాను. అది వదిలేయండి, మా ఇంట్లోనే రెండు. మా ఆవిడది హైదరాబాదు, వాళ్ళ పుట్టింటివాళ్ళ జమాతు లెక్క ప్రకారం పోతుంది, నాది చూసే జమాతు. దేశాల్ని కలిపిన మొనగాణ్ణి కదా, మొదటి ఏడాది నచ్చజెప్పబోయాను. "తుమారా చాంద్ తుమ్ దేఖ్‌లో జీ, బిర్యానీ మాత్రం నా పండగరోజే" అంది. నీ చంద్రుణ్ణి నువ్వే చూసుకో అని. అప్పట్నుంచీ రెండు రోజులూ లీవు పెడుతున్నాను. ఈసారి మా అమ్మాయి, "నాన్నా, విచ్ వన్ ఈజ్ ద రియల్ ఈద్?" అని నిలదీస్తే పాయసం పెట్టాను.

కాబూల్ తాతకు తొంభై దాటాయి. ఇప్పటికీ పండగకి ఫోన్ చేస్తాడు. మొన్న శుక్రవారం చేసి ఈద్ ముబారక్ చెప్పాడు. శనివారం మళ్ళీ చేసి మళ్ళీ చెప్పాడు. మర్చిపోయాడేమోనని, నిన్ననే చెప్పారు కదా తాతా అన్నాను, ఇప్పటికి కాస్త గాడిలో పడ్డ నా ఉర్దూలో. ఆయన నవ్వి, "నీది ఏ రోజో నాకు తెలియదు బేటా. తలుపు దగ్గర ఎవరూ లేరని నువ్వనుకోకూడదని రెండు రోజులూ చేస్తున్నాను" అన్నాడు.